చనిపోయాక చేసిన పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు?

2020 జూన్ నుంచి సెప్టెంబరు దాకా జాంబియా రాజధాని లుసాకాలో ఒక సర్వే జరిగింది. అందులో లెక్కకు వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా బతికి లేరు. నగరంలోని యూనివర్సిటీ టీచింగ్ హాస్పిటల్ మార్చురీకి వచ్చే మృతదేహాల్లో కొన్నింటిని ఎంచుకుని, ఇంటివాళ్ల అనుమతి తీసుకుని, ప్రాణం పోయిన 48 గంటల్లోపు ముక్కులోంచి స్వాబ్ తీసి ఆర్టీ-పీసీఆర్ పరీక్షకు పంపారు. దేనితో పోయారన్నది చూసి ఎంచుకోలేదు. బోస్టన్ యూనివర్సిటీకి చెందిన క్రిస్టఫర్ గిల్, లుసాకాలో పనిచేసే లారెన్స్ మ్వనన్యండా, వాళ్ల బృందం చేసిన పని ఇది. అంతకుముందు కొన్నేళ్లుగా వాళ్లు అదే మార్చురీలో పసిపిల్లల మరణాల వెనక ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్ ఎంతవరకు ఉందో వెతుకుతున్నారు. కోవిడ్ వచ్చేసరికి మనుషులు, పద్ధతి, ల్యాబ్ అన్నీ చేతిలో సిద్ధంగా ఉన్నాయి.

ఆ నెలల్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: ఆఫ్రికాలో కోవిడ్ మరణాలు ఎందుకింత తక్కువ? యువ జనాభా అన్నారు, ఎండ అన్నారు, బీసీజీ టీకా అన్నారు. లుసాకా బృందం మార్చురీ తలుపు తీసి చూసింది. ఫలితం తేలిన 364 మందిలో 58 మందికి పాజిటివ్. అతి తక్కువ మోతాదులో వైరస్ జాడ కనిపించినవాళ్లను కూడా కలుపుకుంటే 70 మంది, అంటే 19 శాతం. ఈ 70 మందిలో 51 మంది ఆస్పత్రి మెట్లెక్కకుండానే చనిపోయారు. వాళ్లలో ఒక్కరికి కూడా బతికుండగా పరీక్ష జరగలేదు. ఆస్పత్రిలో పోయిన 19 మందిలోనూ పరీక్ష జరిగింది ఆరుగురికే. లక్షణాల వివరాలు దొరికిన 52 మందిలో 44 మందికి దగ్గు, జ్వరం, ఆయాసం లాంటి మామూలు కోవిడ్ లక్షణాలే ఉన్నాయి. పాజిటివ్ తేలినవాళ్ల మధ్యస్థ వయసు 48 ఏళ్లు, అంటే దాదాపు సగం మంది అంతకంటే చిన్నవాళ్లే.

2021 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది అచ్చయ్యాక చాలామంది దీన్ని ఉదాహరించారు. కొందరు అడ్డం కూడా తిరిగారు. శవం ముక్కులో దొరికిన వైరస్‌ను పట్టుకుని ఏం చెప్పగలం? కుళ్లడం మొదలైన శరీరంలో పరీక్ష సరిగ్గా పనిచేస్తుందా? పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్సే చంపిందనొచ్చా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే వీటన్నిటినీ ఒక్క మూటలో కట్టేస్తే జవాబు దొరకదు. వైరస్ అక్కడ ఉందా అన్నది ల్యాబ్ చెప్పాల్సిన సంగతి. అదే చంపిందా అన్నది ల్యాబ్ ఒక్కటే చెప్పలేదు. మొదటిదాంట్లో చనిపోయాక చేసే పరీక్ష చాలామంది అనుకునేదానికంటే గట్టిది. చిక్కంతా రెండోదాంట్లో ఉంది.

మొదట వైరస్ సంగతి. ప్రాణం పోయాక కణాలు పనిచేయవు. కణం లేనిదే వైరస్ పెరగలేదు. కాబట్టి చనిపోయిన క్షణం నుంచి శరీరంలో వైరస్ సంఖ్య పెరగడం దాదాపు ఆగిపోతుంది, ఆ తర్వాత ఉన్నది తరగడమే. కరోనా, ఇన్‌ఫ్లుయెంజా, ఆర్‌ఎస్‌వీ మూడూ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. ఆర్‌ఎన్‌ఏ అంటే ఆ వైరస్‌ల జన్యువు రాసి ఉండే సున్నితమైన పదార్థం, దాన్ని కోసేసే ఎంజైములు మన చర్మం మీద, చెమటలో, కణాల్లో ఎక్కడ చూసినా ఉంటాయి. ల్యాబుల్లో ఆర్‌ఎన్‌ఏతో పనిచేసేవాళ్లు గ్లవుజులు పదే పదే మార్చుకునేది అందుకే. ఈ లెక్కన శవంలో ఆర్‌ఎన్‌ఏ గంటల్లో మాయం కావాలి.

అలా జరగదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ బట్టబయలుగా ఉండదు. దానికి ప్రొటీన్ చుట్టుకుని ఉంటుంది, పైన కొవ్వు పొర ఉంటుంది. పైగా కరోనా జన్యువులో దాదాపు 30 వేల అక్షరాలుంటే, పీసీఆర్ వెతికేది వంద అక్షరాల చుట్టుపక్కల ఉండే చిన్న ముక్కను మాత్రమే. గొలుసు వంద చోట్ల తెగినా, ఆ ముక్క చెక్కుచెదరకుండా కొన్ని కాపీలు మిగిలితే చాలు, పరీక్ష పట్టేస్తుంది. మృతదేహంలో ఈ పరీక్ష పనిచేయడానికి అదే కారణం. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ వైరస్ ఇంకా అంటుకునే స్థితిలో ఉందని చెప్పలేకపోవడానికీ అదే కారణం.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో చెప్పే కథ అలాస్కాలో ఉంది. బ్రెవిగ్ మిషన్ అనే చిన్న ఊరిలో 1918 నవంబరులో ఐదు రోజుల్లో 80 మంది పెద్దవాళ్లలో 72 మందిని ఇన్‌ఫ్లుయెంజా తీసుకెళ్లింది. ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేలలో వాళ్లను సామూహికంగా పూడ్చారు. 1951లో యోహాన్ హుల్టిన్ అనే యువ పరిశోధకుడు అక్కడికి వెళ్లి, గ్రామ పెద్దల అనుమతితో తవ్వి, ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చి వైరస్‌ను పెంచబోయాడు. ఒక్కటీ పెరగలేదు, అన్నీ చచ్చిపోయాయి. నలభై ఆరేళ్ల తర్వాత, 72 ఏళ్ల వయసులో, భార్య తోటపనికి వాడే కత్తెర వెంట పెట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లాడు. ఈసారి లావుపాటి మహిళ దేహం ఒకటి దొరికింది. ఒంట్లోని కొవ్వు అడ్డుపడటంతో ఊపిరితిత్తులు పాడవకుండా మిగిలాయి. వాటిని వాషింగ్టన్‌లో జెఫ్రీ టాబెన్‌బర్గర్ ల్యాబుకు పంపాడు. 1918లో చనిపోయిన సైనికుల ఊపిరితిత్తుల్ని మైనం దిమ్మెల్లో దాచిన నమూనాలు కూడా ఆ ల్యాబ్ దగ్గర ఉన్నాయి. చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకలన్నీ అతికించి, 2005 నాటికి ఆ వైరస్ జన్యుక్రమం మొత్తం రాసేశారు. 1951లో వైరస్‌ను పెంచి చూసే పరీక్ష ‘ఏమీ లేదు’ అన్న చోటే, 1997 తర్వాత జన్యువును వెతికే పరీక్ష ‘ఉంది’ అంది. రెండూ నిజమే చెప్పాయి, ఎందుకంటే రెండూ వెతికింది ఒకే వస్తువును కాదు.

అది మంచు నేల మాట. మార్చురీ సంగతేమిటి? జర్మనీలోని హాంబర్గ్‌లో ఫోరెన్సిక్ వైద్యులు 79 మృతదేహాల ముక్కు, గొంతు నమూనాలను పరిశీలించి 2021లో ఫలితం ప్రకటించారు. చనిపోయి ఎంతసేపైందన్నదానితో సంబంధం లేకుండా వైరస్ ఆర్‌ఎన్‌ఏ నిలకడగానే ఉంది, గంటలు గడిచే కొద్దీ తగ్గిన దాఖలా కనబడలేదు. పైగా చనిపోయిన 35 గంటల తర్వాత తీసిన నమూనాలోంచి కూడా బతికున్న వైరస్‌ను పెంచగలిగారు. మార్చురీ సిబ్బందికి ఇది మంచి వార్త కాదు. పరీక్ష కచ్చితత్వం గురించి అడిగేవాళ్లకు మాత్రం గట్టి సాక్ష్యం.

ఇక్కడొక షరతు ఉంది. హాంబర్గ్‌లో దేహాన్ని నాలుగైదు డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. మే నెలలో విజయవాడలో ఫ్రీజర్ ఖాళీ లేక వరండాలో స్ట్రెచర్ మీద పడున్న శవానికి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అన్వయించకూడదు. వేడిలో కణాలు తమంతట తామే కరిగిపోవడం, బ్యాక్టీరియా విజృంభించడం వేగంగా జరుగుతాయి. లుసాకాలో 48 గంటల గీత గీసుకున్నది ఊరికే కాదు.

ఇక స్వాబ్. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకోని ఇల్లు లేదు కాబట్టి ఆ అనుభవం అందరికీ తెలుసు: కళ్లలో నీళ్లు, తుమ్ము, తల వెనక్కి లాక్కోవడం. చనిపోయిన మనిషి తల లాక్కోడు. అందుకని సులువనుకుంటే పొరపాటు. మరణం తర్వాత రెండు నుంచి నాలుగు గంటల్లో దవడ కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత నోరు తెరిచి గొంతులో పుల్ల తిప్పడం కష్టం. కాబట్టి ముక్కే దారి. నాసికా రంధ్రంలోంచి పుల్లను పైకి కాకుండా, అంగిలికి సమాంతరంగా, చెవి వైపు నేరుగా పోనివ్వాలి. ముక్కు వెనక గోడ తగిలేదాకా వెళ్లి, అక్కడ కొన్నిసార్లు తిప్పి, కొద్ది క్షణాలు ఆగి, తీసి, నమూనా చెడిపోకుండా కాపాడే వీటీఎం అనే ద్రవం ఉన్న గొట్టంలో వేసి, పుల్లను గీత దగ్గర విరిచి మూత పెట్టాలి. బతికున్నవాడైతే సరైన చోటు తగిలిందని ముఖమే చెబుతుంది. ఇక్కడ ఆ సూచన రాదు. టెక్నీషియన్ ముక్కు ముందు భాగంలోనే తిప్పి ఆపేసినా తప్పు పట్టేవాళ్లు లేరు. అక్కడ ఎండిపోయిన పొర, గడ్డకట్టిన రక్తం, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోంచి, పొట్టలోంచి పైకి వచ్చిన ద్రవం. రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి పదార్థాలు పీసీఆర్ రసాయన చర్యకే అడ్డం పడతాయి.

దీనికి ఒక చక్కటి కాపలా ఉంది, చాలామందికి తెలియదు. చాలా కిట్లు వైరస్ జన్యువుతోపాటు మనిషి జన్యువు ఒకదాన్ని కూడా వెతుకుతాయి. ఎక్కువగా వాడేది ఆర్‌ఎన్‌ఏజ్-పీ అనే జన్యువు. పుల్లకు మనిషి కణాలు అంటుకుని ఉంటే, అవి ఇంకా పూర్తిగా పాడవకుండా ఉంటే, రసాయన చర్య సవ్యంగా జరిగితే అది పాజిటివ్ రావాలి. వైరస్ నెగెటివ్, మనిషి జన్యువు పాజిటివ్ అయితే ఆ నెగెటివ్‌కు విలువుంది. రెండూ నెగెటివ్ అయితే నమూనాలోనో, రసాయన చర్యలోనో లోపం ఉందన్నమాట, ‘వైరస్ లేదు’ అని రాయకూడదు. మరణానంతర పరీక్ష రిపోర్టు ఎప్పుడు చూసినా నేను ముందు వెతికేది ఈ గడినే. రిపోర్టులో అది లేకపోతే మిగతాది చదివి లాభం లేదు.

పీసీఆర్ గురించి అందరికీ బాగా పరిచయమైన మాట సీటీ విలువ. వెతికే ముక్కను యంత్రం ఒక్కో చక్రంలో రెట్టింపు చేస్తుంది. ఎన్నో చక్రంలో అది కంటికి ఆనిందో ఆ సంఖ్యే సీటీ. పది చక్రాల తేడా అంటే సుమారు వెయ్యి రెట్లు, ఇరవై అంటే పది లక్షల రెట్లు. సీటీ 18 వచ్చిన శవంలోనూ, 38 వచ్చిన శవంలోనూ ‘పాజిటివ్’ అనే ఒకే ముద్ర పడుతుంది, ఉన్న వైరస్ మాత్రం ఒకదాంట్లో మరోదానికంటే పది లక్షల రెట్లు ఎక్కువ. లుసాకాలో 58, 70 అనే రెండు అంకెలు వచ్చింది ఇందుకే. సీటీ 40 లోపు వచ్చినవి 58, ఆ గీత దాటి అరకొర జాడ కనిపించినవి మరో 12. ఆ పన్నెండింటిని కలపాలా వద్దా అన్నది తీర్పు, కొలత కాదు. పరిశోధకులు రెండు అంకెలనూ బయటపెట్టి, నిర్ణయం చదివేవాళ్లకు వదిలేశారు. అన్ని అధ్యయనాల్లోనూ ఈ నిజాయితీ ఉండదు.

తప్పుడు పాజిటివ్‌ల లెక్క ఒకసారి వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే. వ్యాధి ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివాళ్లలో 99 శాతాన్ని సరిగ్గా వదిలేసే పరీక్ష ఒకటి ఉందనుకోండి. మార్చురీకి వచ్చిన 1000 దేహాల్లో 200 మందికి నిజంగా వైరస్ ఉంటే పరీక్ష 180 మందిని పట్టుకుంటుంది, లేని 800 మందిలో 8 మందికి తప్పుగా పాజిటివ్ ఇస్తుంది. 188లో 8 తప్పు, ఫర్వాలేదు. అదే పరీక్షను వ్యాధి తగ్గుముఖం పట్టాక, 1000 మందిలో 20 మందికే వైరస్ ఉన్న రోజుల్లో చేయండి. 18 మందిని పట్టుకుంటుంది, 980 మందిలో పదిమందికి తప్పుగా పాజిటివ్ ఇస్తుంది. మొత్తం 28లో మూడో వంతుకు పైగా తప్పు! కిట్టు మారలేదు, టెక్నీషియన్ మారలేదు, బయట వ్యాధి ఎంత ఉందన్నది మారింది. లుసాకా లాంటి చోట 16 నుంచి 19 శాతం వచ్చిందంటే ఇలాంటి పరీక్ష పొరపాట్లతో ఆ కొండంత అంకె తయారు కాదు. ఒకటి రెండు శాతం వచ్చి ఉంటే నేనూ అనుమానపడేవాణ్ణి.

మార్చురీలో తప్పుడు పాజిటివ్‌కు మరో దారి ఉంది: కలుషితం. ఒకే బల్ల, ఒకే సింకు, అవే పరికరాలు. ఒక దేహంలోని స్రావం పక్క దేహానికి అంటితే, పిసరంత జాడను కూడా పట్టుకునే పీసీఆర్‌కు అది చాలు. ఒక్కో దేహానికి గ్లవుజులు మార్చడం, శవపరీక్ష మొదలుపెట్టక ముందే స్వాబ్ తీసేయడం మాత్రమే దీనికి మందు. ఖరీదైన పనులు కావు, కానీ అలసిపోయిన సిబ్బంది ముందు వదిలేసేవి ఇవే.

ఇప్పుడు తప్పుడు నెగెటివ్. ఇది ఇంకా లోతైన సంగతి, దీనికి కిట్టును తిట్టి లాభం లేదు. శ్వాసకోశ వైరస్ మొదట ముక్కులో, గొంతులో పెరుగుతుంది, తర్వాత కిందికి దిగుతుంది. మొదటి వారంలో చనిపోతే ముక్కు నిండా వైరస్ ఉంటుంది. రెండో వారం, మూడో వారం వచ్చేసరికి పై దారిలో వైరస్ తగ్గిపోయి ఊపిరితిత్తుల్లో మాత్రం మిగలొచ్చు. ముక్కు స్వాబ్ నెగెటివ్, ఊపిరితిత్తి ముక్క పాజిటివ్ అనే పరిస్థితి అలా వస్తుంది. ఇంకా ఆలస్యమైతే రెండు చోట్లా వైరస్ ఉండదు. అయినా మనిషి పోతాడు. వైరస్ వెళ్తూ వెళ్తూ వదిలేసిన విధ్వంసం పని పూర్తి చేస్తుంది.

ఆ విధ్వంసం ఎలా ఉంటుందో మైక్రోస్కోపు కింద చూస్తే తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు పల్చగా ఉండాలి, ఆక్సిజన్ రక్తంలోకి దాటేది వాటి గుండానే. తీవ్రమైన వైరల్ న్యూమోనియాలో ఆ గోడల కణాలు రాలిపోయి, రక్తంలోని ప్రొటీన్లు బయటికి కారి, గదుల లోపలి అంచున గులాబీ రంగు గాజుపొరలా పేరుకుంటాయి. ఆ పొర కనిపిస్తే, స్వాబ్ ఏమన్నా సరే, ఊపిరితిత్తులు దారుణంగా దెబ్బతిన్నాయన్నది ఖాయం. ఏ వైరస్ దెబ్బతీసిందో మాత్రం ఆ పొర చెప్పదు. ఇన్‌ఫ్లుయెంజా అయినా కరోనా అయినా బ్యాక్టీరియా అయినా చివరికి ఇదే చిత్రం.

హాంబర్గ్‌లోనే క్లాస్ పుషెల్ బృందం 2020లో మొదటి 12 మంది కోవిడ్ మృతులకు పూర్తి శవపరీక్ష చేసింది. అప్పటికి జర్మనీ ప్రజారోగ్య సంస్థ ఇలాంటి దేహాలను కోయకపోవడమే మంచిదని సలహా ఇచ్చింది. వీళ్లు కోశారు. పన్నెండు మందిలో ఏడుగురికి కాళ్ల లోతైన సిరల్లో రక్తపు గడ్డలున్నాయి. ఆ గడ్డలున్నాయని బతికుండగా ఎవరూ అనుమానించలేదు. నలుగురి విషయంలో గడ్డ ఊపిరితిత్తుల నాళంలోకి చేరి అడ్డుపడటమే నేరుగా ప్రాణం తీసింది. ఇప్పుడు చెప్పండి, ఆ నలుగురూ పోయింది కోవిడ్‌తోనా, రక్తపు గడ్డతోనా? రెండూ ఒకే గొలుసులో లింకులు. స్వాబ్ మొదటి లింకును చూపించింది, కత్తి చివరి లింకును చూపించింది.

అంతకంటే చిక్కు ముడి పిల్లల మరణాల్లో ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లల న్యూమోనియా మీద ఏడు దేశాల్లో జరిగిన పెర్చ్ అధ్యయనం, ఆస్పత్రిలో చేరిన పిల్లల ముక్కుల్నీ, అదే ఊళ్లో న్యూమోనియా లేని పిల్లల ముక్కుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. జలుబు తెచ్చే రైనోవైరస్ రెండు గుంపుల్లోనూ దండిగా దొరికింది. అంటే ఒక బిడ్డ చనిపోయినప్పుడు ముక్కులో రైనోవైరస్ దొరికితే ఆ పాజిటివ్‌కు దాదాపు అర్థం లేదు. ఆర్‌ఎస్‌వీ అలా కాదు. న్యూమోనియా లేని పిల్లల్లో అరుదుగా, ఉన్నవాళ్లలో విరివిగా కనిపించింది. ఆ అధ్యయనంలో న్యూమోనియా కేసుల్లో సుమారు 31 శాతానికి అదే కారణమని తేల్చారు. కాబట్టి ‘మరణానంతర పరీక్ష కచ్చితత్వం ఎంత’ అని మొత్తంగా అడిగితే ఎవరూ ఒక్క అంకె చెప్పలేరు. ఏ వైరస్ కోసం, ఏ వయసులో, శరీరంలో ఎక్కడినుంచి తీసి అన్నది ముందు చెప్పాలి.

లుసాకా పాజిటివ్‌లలో కూడా ఈ ముడి ఉంది. ఆ 70 మందిలో 31 శాతానికి క్షయ ఉంది, 27 శాతానికి రక్తపోటు, 23 శాతానికి హెచ్‌ఐవీ. క్షయతో సగం ఊపిరితిత్తి పోయిన మనిషికి కోవిడ్ సోకి నాలుగు రోజుల్లో చనిపోతే ఎవరి ఖాతాలో వేయాలి? క్షయ ఖాతాలో వేసేవాళ్లు అతను పోయిన వారం దాకా పనికి వెళ్లాడన్న సంగతి మరిచిపోతారు. కోవిడ్ ఖాతాలో వేసేవాళ్లు అదే వయసు ఆరోగ్యవంతుడు బతికేవాడన్నది మరిచిపోతారు. నా దృష్టిలో ఒకే పెట్టెలో వేసి తీరాలన్న పట్టుదలే ఇక్కడ తప్పు.

పెట్టెలు కాకుండా గొలుసులు రాసే పద్ధతి ఒకటి ఇప్పుడు నడుస్తోంది. మొజాంబిక్, కెన్యా, మాలి, ఇథియోపియా, సియెర్రా లియోన్, దక్షిణాఫ్రికా, బంగ్లాదేశ్‌లలో చిన్నపిల్లల మరణాల మీద పనిచేసే చాంప్స్ అనే వ్యవస్థ దేహాన్ని కోయదు. బయాప్సీ సూదులతో ఊపిరితిత్తులు, కాలేయం, మెదడుల నుంచి చిన్న చిన్న ముక్కలు, వాటితోపాటు రక్తం, వెన్ను ద్రవం, ముక్కు స్వాబ్ తీసుకుంటుంది. శరీరం రూపు చెడదు కాబట్టి పూర్తి శవపరీక్షకు ససేమిరా అనే కుటుంబాల్లోనూ ఎక్కువమంది దీనికి ఒప్పుకుంటారు. ఆ ముక్కల్ని ఒకవైపు మైక్రోస్కోపు కింద చూస్తారు, మరోవైపు పదుల సంఖ్యలో రోగకారకాలకు ఒకేసారి పీసీఆర్ చేస్తారు. తర్వాత పాథాలజిస్టులు, పిల్లల వైద్యులు, మైక్రోబయాలజిస్టులు ఒక బల్ల చుట్టూ కూర్చుని, తల్లి చెప్పిన జబ్బు కథతో సహా అన్నీ ముందు పెట్టుకుని, ముందు ఏం జరిగింది, దానివల్ల ఏం జరిగింది, చివరికి ఏం చంపింది అని రాస్తారు. అక్కడ పీసీఆర్ ఒక సాక్షి మాత్రమే. మన పొరుగున కర్ణాటకలోని దావణగెరెలో కూడా నెలలు నిండకుండా పుట్టి చనిపోయిన శిశువుల విషయంలో ఈ సూది పద్ధతిని వాడారు.

ఇంత శ్రమ ప్రతి మరణానికీ కుదరదు కాబట్టి ప్రభుత్వాలు అడ్డగీతలు గీసుకుంటాయి. ఇంగ్లండ్‌లో మొదట ఎప్పుడో ఒకప్పుడు పాజిటివ్ వచ్చిన ఎవరు చనిపోయినా కోవిడ్ లెక్కలో వేశారు. 2020 ఆగస్టులో ‘పాజిటివ్ వచ్చిన 28 రోజుల్లోపు’ అని మార్చగానే బ్రిటన్ మొత్తం లెక్క 5 వేలకు పైగా తగ్గింది. మన దేశంలో సుప్రీంకోర్టు అడిగాక 2021 సెప్టెంబరులో కేంద్రం 30 రోజుల గడువు పెట్టింది, ఆస్పత్రిలోనే ఉండి ఆ గడువు దాటాక పోయినవాళ్లనూ కలిపింది, ప్రమాదాల్లాంటివి తీసేసింది. ఆలస్యంగా వచ్చే మరణాల్లో స్వాబ్ నెగెటివ్ అవుతుందన్న సంగతిని ఈ నిబంధన కొంతవరకు సర్దింది. కానీ లెక్కలోకి రావాలంటే బతికుండగా పరీక్షో, వైద్యుడి నిర్ధారణో ఉండాలి. ఏదీ లేకుండా ఇంట్లో పోయినవాడికి 30 రోజులు ఎక్కడినుంచి లెక్కపెట్టాలి?

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రజారోగ్య శాఖ మృతదేహాల నుంచి నమూనాలు తీయొద్దని చెప్పింది. మే నెలలో హైకోర్టు, ఆస్పత్రుల నుంచి దేహాలను అప్పగించే ముందు కోవిడ్ పరీక్ష చేయాలంది. ఉన్న సిబ్బంది, కిట్లు బతికున్నవాళ్లకే చాలడం లేదన్నది ప్రభుత్వం వైపు వాదన. జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. ఆ గొడవంతా ‘అందరికీ’, ‘ఎవరికీ వద్దు’ అనే రెండు కొసల మధ్యే నడిచింది. మధ్యలో ఉన్న దారి లుసాకా అప్పటికే నడుస్తున్న దారి: రోజూ వచ్చే దేహాల్లో కొన్నింటిని మాత్రమే, ముందే అనుకున్న పద్ధతిలో ఎంచుకుని పరీక్షించడం. 364 నమూనాలతో 16 శాతం వస్తే అటూ ఇటూ నాలుగు శాతం తేడాతో నగరం పరిస్థితి చెప్పొచ్చు. నాలుగు నెలలకు 364 కిట్లు. గాంధీ, ఉస్మానియా మార్చురీల్లో రోజుకు మూడు స్వాబులు తీసి ఉంటే ఏ కోర్టూ అక్కర్లేకుండా అంకె తేలేది.

ఎందుకంటే కచ్చితత్వం అనగానే మనం కిట్టు వైపు చూస్తాం గానీ, అతిపెద్ద తప్పు పరీక్షలో కాదు, పరీక్షకు బయట మిగిలిపోయినవాళ్లలో ఉంది. నూటికి పది కేసులు తప్పే పరీక్షను తిట్టుకోవచ్చు. లుసాకాలో పాజిటివ్ తేలిన 70 మందిలో బతికుండగా పరీక్ష జరగని 64 మంది ఏ కిట్టు ఖాతాలోకీ రారు.

మన దగ్గర ఆ బయట మిగిలిపోయేది ఎంతో ఒక అంకె చెబుతుంది. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతా మూడొంతుల పైచిలుకుకు అధికారికంగా కారణమే లేదు. ఆ రాసినవాటిలోనైనా అంతా సవ్యంగా ఉందా అంటే అదీ లేదు. ఆస్పత్రిలో చనిపోతే నింపాల్సిన ఫారం 4లో చాంప్స్ గొలుసు లాంటిదే ఉంటుంది: తక్షణ కారణం, దానికి దారితీసింది, అన్నిటికీ మూలమైంది. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు ఎక్కువగా మొదటి గీత మీద ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాసి, కింది రెండు గీతలు ఖాళీగా వదిలి సంతకం పెడతాడు. గుండె, ఊపిరి ఆగిపోయాయని దాని భావం. చనిపోయిన ప్రతి ఒక్కరికీ అవి ఆగిపోతాయి. స్వాబ్ తీసి ఉంటే దాని ఫలితం వచ్చేది మర్నాడో, ఆ మర్నాడో. అప్పటికి ఫారం రిజిస్ట్రార్ దగ్గరికి చేరుతుంది, ఇంటివాళ్లు దేహాన్ని తీసుకుని వెళ్లిపోతారు. ఆ ఖాళీ గీత మీద ‘ఇన్‌ఫ్లుయెంజా’ అనో ‘కోవిడ్’ అనో తర్వాత రాయడమన్నది ఆ రోజు డ్యూటీలో ఉన్న ఎవరి పనీ కాదు.